ఆరుగురితో మొదలైన పరుగు

1896 నవంబరు 26, గురువారం. అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ. న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో నగరంలో ఆరుగురు మగవాళ్ళు మట్టిరోడ్డు మీద ఐదు మైళ్ళ పరుగుకు దిగారు. పందెం పెట్టింది ఊళ్ళోని వైఎంసీఏ. ఆరుగురిలో నలుగురే చివరిదాకా వచ్చారు. ఆగిపోయినవాళ్ళలో ఒకాయన పొద్దెక్కాక ఫలహారం చేసి వచ్చాడనీ, అది కడుపులో నిలవలేదనీ ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. హెన్రీ ఆలిసన్ అనే ఆయన 31 నిమిషాల 12 సెకండ్లలో గెలిచాడు. మట్టిరోడ్డు మీద, అప్పటి బూట్లతో, మైలుకు ఆరుంపావు నిమిషాలు! గట్టి పరుగే.

ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. ఆ ఒలింపిక్స్ చూసొచ్చినవాళ్ళు ముచ్చటపడి బోస్టన్‌లో మారథాన్ మొదలుపెట్టింది మరుసటి ఏప్రిల్‌లో. అంటే జగమెరిగిన బోస్టన్ మారథాన్ కన్నా బఫెలో పరుగు ఐదు నెలలు పెద్దది. పక్కనున్న ఒంటారియో సరస్సు కొసన, కెనడాలో హామిల్టన్ వాళ్ళ పరుగు 1894 నాటిది గానీ దానికి మధ్యలో చాలా ఏళ్ళు గండి పడింది. ఒక్క ఏడాదీ మానకుండా సాగుతున్న కాలిపరుగుల్లో ఉత్తర అమెరికా మొత్తానికి తమదే పాతదని బఫెలోవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. దాన్ని టర్కీ ట్రాట్ అంటారు. మధ్యాహ్నం టర్కీ కోడి విందుకు కూర్చునే ముందు, పొద్దున్నే ఊరంతా కలిసి పరుగెత్తే ఆనవాయితీ. ఇప్పుడు ఆ పేరుతో అమెరికాలో పరుగు లేని ఊరు అరుదు.

2014లో అది 119వ సారి జరిగినప్పుడు ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఏడాదిపాటు అమెరికా బడిలో చదువుకోవడానికి వెళ్ళిన ఎక్స్‌ఛేంజ్ విద్యార్థిని నేను. పక్కన పరుగెడుతున్నావిడ నన్ను ఇంట్లో పెట్టుకున్న హోస్ట్ అమ్మ. నా జన్మకు అదే మొదటి పందెం.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్ మలక్‌పేటలో. మా పేటలో రేసంటే గుర్రాల రేసే. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో, 1886లో, మౌలాలీ నుంచి మా పేటకు తరలివచ్చిన రేస్‌కోర్సు అది. ఆ లెక్కన బఫెలో పరుగు కన్నా మా పేట రేసే పదేళ్ళు పాతది. మనుషులు పరుగెత్తే రేసుకు డబ్బు కట్టి పేరు రాయించుకున్నామని ఫోన్లో చెబితే మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "గెలిస్తే ఎంతిస్తారు?" అని.

"గెలిస్తే సంగతి తెలీదు అబ్బా, టీషర్టు మాత్రం ఓడినా ఇస్తారు" అన్నాను.

ఆయనకు ఆ లెక్క ఎంతకీ కుదరలేదు.

నన్ను అక్కడికి చేర్చిన కార్యక్రమానికీ ఒక చరిత్ర ఉంది. అది పరుగు చరిత్రంత సరదాగా ఉండదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లలను ఏడాదిపాటు అమెరికా ఇళ్ళల్లో ఉంచి, అక్కడి బళ్ళలో చదివించాలని ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ అనే ఇద్దరు సెనేటర్లు తలపెట్టారు. ఒకరు డెమొక్రాట్, ఒకరు రిపబ్లికన్. 2002లో అది కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ అనే పేరుతో మొదలైంది. ముద్దుపేరు యెస్. ఖర్చంతా అమెరికా విదేశాంగ శాఖది. ఇళ్ళు వెతికి పిల్లలను చేర్చే సంస్థల్లో ఒకటి ఏఎఫ్ఎస్. అది ఇంకా పాతది. 1915లో, మొదటి ప్రపంచయుద్ధంలో, ఫ్రాన్స్ సరిహద్దుల్లో గాయపడ్డ సైనికులను ఫోర్డు బండ్లలో ఆసుపత్రులకు చేరవేసిన అమెరికన్ వలంటీర్ల అంబులెన్సు దళం అది. రెండో యుద్ధంలోనూ అదే పని చేసింది. యుద్ధం అయిపోయాక స్టీఫెన్ గలాటీ అనే పెద్దమనిషి, ఆయన తోటి డ్రైవర్లు కలిసి, ఇక మోయాల్సింది క్షతగాత్రులను కాదు, పిల్లలను అని తేల్చుకున్నారు. 1947-48లో పది దేశాల నుంచి 52 మంది పిల్లలు అమెరికా వెళ్ళారు. శత్రుదేశాల పిల్లలూ తర్వాత ఆ దారినే వచ్చారు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది వేరే ఉంది. పిల్లలను ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి ఎవరూ పైసా ఇవ్వరు. గది ఇవ్వాలి, మూడు పూటలా తిండి పెట్టాలి, జ్వరమొస్తే చూసుకోవాలి. అంతా ఉచితమే. మా గల్లీలో ఈ మాట ఒక్కరూ నమ్మలేదు. "ఏదో ఉంటుందిలే బేటీ, లేకపోతే ఎవరు పెట్టుకుంటారు?" అంది పక్కింటి ఖాలా.

పెట్టుకున్నావిడ లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరైంది. అరవై దాటింది. అందరూ తనను పేరు పెట్టి పిలుస్తారని, నన్నూ అలాగే పిలవమంది. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఏడాదంతా ఆంటీ అనే పిలిచాను. కొన్నాళ్ళకు ఆవిడ భర్త, మా అంకుల్, కూడా ఆవిడను "ఆంటీ" అని పిలిచి ఏడిపించడం మొదలుపెట్టాడు. అంకుల్ పరుగెత్తడు. మేం పరుగెత్తుతుంటే కారులో కాఫీ ఫ్లాస్కు పట్టుకుని కూర్చుని పేపరు చదువుకుంటాడు. అదీ ఒక పనే అంటాడు.

సెప్టెంబరులో సాధన మొదలైంది. ఉత్తర బఫెలోలో డెలావేర్ పార్కు ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కును తీర్చిదిద్దిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ జంటే 1868లో దీనికీ నక్షా గీసింది. మధ్యలో పెద్ద పచ్చిక మైదానం, చుట్టూ రింగ్ రోడ్డు, సుమారు 1.8 మైళ్ళు. ఊళ్ళో పరుగు నేర్చుకునేవాళ్ళు నేర్చుకునేది ఈ రోడ్డు మీదే. పక్కనే జూ, నడిచేవాళ్ళు, కుక్కలు, తోపుడు బండ్లలో పసిపిల్లలు. మొదటి రోజు నాలుగు దీపస్తంభాలు దాటేసరికి డొక్కలో పోటు వచ్చి వంగిపోయాను. ఆంటీ ఆగి, ఇక లెక్క స్తంభాల్లోనే అంది. రెండు స్తంభాల దాకా పరుగు, రెండు స్తంభాల దాకా నడక. వారం గడిచాక మూడు పరుగు, రెండు నడక.

ఇంకొక నియమం పెట్టింది: పరుగెడుతూ మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగిందంటే వేగం ఎక్కువైనట్టు, తగ్గించాలి. చిక్కేమిటంటే నేను మాట్లాడాల్సింది ఇంగ్లీషులో. ఆయాసం పరుగు వల్ల వస్తోందో ఇంగ్లీషు వల్ల వస్తోందో ఇద్దరికీ తెలిసేది కాదు. చివరికి, "నీ భాషలోనే మాట్లాడు, నాకు అర్థం కాకపోతే ఏమైంది?" అంది. ఒక్కదాన్నే తెలుగులో ఏం మాట్లాడను? ఎక్కాలు అందుకున్నాను. పదమూడో ఎక్కం తడబడకుండా పన్నెండు దాకా వచ్చిందంటే ఆ రోజు వేగం సరిపోయినట్టు. ఎనిమిది దగ్గర ఊపిరి తెగితే ఆంటీ చెయ్యి ఊపేది, నెమ్మది అని. అక్టోబరు వచ్చేసరికి పంతొమ్మిదో ఎక్కం దాకా వెళ్ళాం. ఆకులు రాలిపోయిన ఆ పార్కులో తెలుగు ఎక్కాలు వినిపించడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

మాట్లాడుతూ పరుగెత్తే ఈ పద్ధతి ఆవిడ సొంతం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. దాని పుట్టిల్లు న్యూజీలాండ్. అక్కడి కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఒలింపిక్స్ వీరులను తయారుచేస్తూనే, ఆక్లాండ్‌లో గుండెజబ్బు మనుషులనూ ముసలివాళ్ళనూ పోగేసి ఆదివారాలు నింపాదిగా పరుగెత్తించేవాడు. 1962 చివర్లో ఒరెగాన్ యూనివర్సిటీ కోచ్ బిల్ బవర్‌మన్ అక్కడికి వెళ్ళాడు. లిడియార్డ్ ఆయన్ను ఆ ఆదివారం గుంపుతో పంపాడు. బవర్‌మన్‌కు యాభై దాటాయి, అథ్లెట్లను తయారుచేసే కోచ్‌నన్న ధీమా ఉంది. అర మైలు తిరక్కుండానే వెనకబడ్డాడు. డెబ్బై దాటిన, మూడుసార్లు గుండెపోటు వచ్చిన ఒక ముసలాయన జాలిపడి తోడుగా పరుగెత్తాడు, దారి పొడుగునా కబుర్లు చెబుతూ. బవర్‌మన్‌కు బదులు చెప్పే ఊపిరి కూడా లేదు. తిరిగొచ్చి 1963లో యూజీన్ పట్నంలో మామూలు జనానికి జాగింగ్ క్లాసులు పెట్టాడు. 1967లో హారిస్ అనే గుండె వైద్యుడితో కలిసి జాగింగ్ మీద పుస్తకం రాశాడు. అది పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. నైకీ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఈయన ఒకడన్న సంగతి అందరికీ తెలుసు. కోట్ల మందికి నెమ్మదిగా పరుగెత్తడం నేర్పినవాడన్న సంగతి అంతగా తెలియదు. నాకు రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది.

అంతకుముందు పెద్దవాళ్ళు ఊరికే పరుగెత్తడం అమెరికాలోనూ అనుమానించాల్సిన పనే. 1968లో స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటరును సైతం దక్షిణ కరొలైనాలో పోలీసులు ఆపి, ఎందుకు పరుగెడుతున్నావని అడిగారు. మన దగ్గర ఇప్పటికీ పొద్దున్నే పరుగెత్తే మనిషిని కుక్కలు ఆపి అడుగుతూనే ఉన్నాయి.

ఇక మా స్తంభాల లెక్క. దానికీ దగ్గరి చుట్టం ఒకటుంది. 1996లో జాష్ క్లార్క్ అనే కుర్రాడు, యాభై ఏళ్ళ వాళ్ళమ్మ చేత పరుగు మొదలుపెట్టించాలని ఒక పట్టిక రాశాడు. కాస్త నడక, కాస్త పరుగు, వారానికి మూడు రోజులు, తొమ్మిది వారాలకు ఐదు కిలోమీటర్లు. కౌచ్ టు ఫైవ్ కే అనే పేరుతో అది ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఫోన్లో పెట్టుకుని పరుగెత్తుతున్నారు. కొడుకు అమ్మకు నేర్పడానికి రాసిన పాఠం అది. మా ఇద్దరి విషయంలో అమ్మే నేర్పింది, అదీ పెంచుకున్న పదినెలల అమ్మ.

ఆంటీ మాత్రం ఏ పుస్తకమూ పట్టికా అక్కర్లేకుండా బడిలోనే మొదలుపెట్టాల్సిన మనిషి. ఈ సంగతి ఆవిడ ఒక్కసారిగా చెప్పలేదు. పార్కు చుట్టూ తిరుగుతుండగా కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. ఆవిడ 1971లో హైస్కూలు పూర్తిచేసింది. బడిలో మగపిల్లలకు క్రాస్ కంట్రీ జట్టుంది, ట్రాక్ జట్టుంది. ఆడపిల్లలకు ఉన్నది చీర్‌లీడింగ్. తమ్ముడు పరుగెడుతుంటే గడియారం పట్టుకుని టైము రాసేది ఈవిడ. "ఇంట్లో నేనే వాడికంటే ఎక్కువ దూరం పరుగెత్తేదాన్ని, వీధి చివర చెరువు దాకా. కానీ బడి దృష్టిలో నా పని టైము రాయడం" అంది. గొంతులో కోపం లేదు. నాకే వచ్చింది.

ఒక్క ఏడాది తేడాలో ఆవిడకు ఆ అవకాశం తప్పిపోయింది. 1972 జూన్ 23న నిక్సన్ సంతకం పెట్టిన టైటిల్ నైన్ చట్టం, కేంద్రం డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడా మగా తేడా చూపకూడదంది. అందులో ఆటల ఊసే లేదు. కానీ దెబ్బ తగిలింది ఆటలకే. 1971-72లో అమెరికా హైస్కూలు జట్లలో మగపిల్లలు 36 లక్షలకు పైగా ఉంటే, ఆడపిల్లలు మూడు లక్షల మంది కూడా లేరు. నేను వెళ్ళిన ఏడాదికి ఆడపిల్లల లెక్క 32 లక్షలు దాటింది. మా బడి క్రాస్ కంట్రీ జట్టులోకి ఎవరినైనా తీసుకుంటారు, పరీక్ష పెట్టి వడపోయరు. ఎక్స్‌ఛేంజ్ పిల్లలు చాలామంది అందులోనే చేరతారు.

ఆడవాళ్ళను ఎందుకు ఆపారంటే, చెప్పిన కారణం ఆరోగ్యం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకు 800 మీటర్లు పెట్టారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే గెలిచింది. పరుగు అయ్యాక కొందరు అలసి నేల మీద కూర్చున్నారు, అంతే. పత్రికలు మాత్రం ఆడవాళ్ళు కుప్పకూలారని, భయంకర దృశ్యమని రాశాయి. మగవాళ్ళు పరుగు అయ్యాక నేల మీద పడితే అది వీరత్వం. ఆ రాతల పుణ్యమా అని 800 మీటర్ల పరుగు ఆడవాళ్ళకు మళ్ళీ 1960 దాకా దక్కలేదు. అమెరికాలో పరుగులను శాసించే అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్, అంటే ఏఏయూ, ఆడవాళ్ళు ట్రాక్ మీద అర మైలు మించి పరుగెత్తడానికి ఒప్పుకునేది కాదు. రోడ్డు మీద ఐదు మైళ్ళ మాట ఇక చెప్పనే అక్కర్లేదు.

ఆ కట్టు తెంచిన కథల్లో ప్రపంచానికి తెలిసింది బోస్టన్ కథ. 1966లో బాబీ గిబ్ పొదల చాటున దాక్కుని, తుపాకి పేలాక గుంపులో కలిసి మారథాన్ పరుగెత్తింది. మరుసటి ఏడాది కాథరిన్ స్విట్జర్ కె.వి. స్విట్జర్ అని పేరు రాయించుకుని 261 నంబరుతో పరుగెడుతుంటే, జాక్ సెంపుల్ అనే నిర్వాహకుడు వెంటపడి ఆ నంబరు చింపబోయాడు. ఆ ఫొటో చూడనివాళ్ళుండరు. ఆ ఫొటో లేకపోతే కథ ఇంత దూరం వచ్చేదా అని నా అనుమానం. ఎందుకంటే అంతకు ఆరేళ్ళ ముందే, ఇంకొక పండగ పరుగులో, జూలియా చేజ్ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఆ పని చేసేసింది. ఆమె పేరు నేను చదివిన ఏ వ్యాయామ పాఠంలోనూ లేదు.

కనెక్టికట్ రాష్ట్రంలో మాంచెస్టర్ అనే ఊరుంది. అక్కడా థాంక్స్‌గివింగ్ నాడు 1927లో మొదలైన పరుగు ఉంది, ఐదు మైళ్ళకు కాస్త తక్కువ. జూలియా స్మిత్ కాలేజీ విద్యార్థిని. తన ఊరు గ్రాటన్‌లో, 1957లో బోస్టన్ గెలిచిన జాన్ కెల్లీ వాళ్ళ బృందంతో పరుగు సాధన చేసింది. 1960లో మాంచెస్టర్‌కు వస్తే, ఆడపిల్లవు, కుదరదు అని పంపేశారు. 1961లో మళ్ళీ వచ్చింది. ఈసారి మరో ఇద్దరు ఆడవాళ్ళూ దిగారు. కాలేజీ ఆటల దుస్తుల్లోనే బరిలోకి దిగి 33 నిమిషాల 40 సెకండ్లలో ముగించింది. ఆమె వెనక కొందరు మగవాళ్ళు మిగిలారు. ఏఏయూ ఊరుకోలేదు, వేటు వేస్తామని బెదిరించింది. ఆ తర్వాత ఆమె గబ్బిలాల మీద పరిశోధన చేసి జంతుశాస్త్రవేత్త అయింది. అక్కడితో ఆగక యాభై దాటాక వైద్యం చదివి మానసిక వైద్యురాలైంది. 2011లో, ఆ పరుగుకు యాభై ఏళ్ళు నిండినప్పుడు, పాత కాలేజీ దుస్తులే వేసుకుని మాంచెస్టర్‌లో మళ్ళీ పరుగెత్తింది.

స్విట్జర్ కథలో ఒక విలన్ ఉన్నాడు, ఫొటో ఉంది, తోపులాట ఉంది. జూలియా కథలో ఉన్నది ఒక రూలు. చెడ్డ మనిషిని పట్టుకోవడం తేలిక, చెడ్డ రూలును పట్టుకోవడం కష్టం. అందుకే నాకు ఆమె కథే ఎక్కువ నచ్చుతుంది. 1972లో బోస్టన్ తలుపు తెరిచింది. ఆడవాళ్ళ మారథాన్ ఒలింపిక్స్‌కు చేరింది మాత్రం 1984లో. అప్పటికి ఆంటీకి ముప్పై దాటాయి. ఆవిడ పరుగు మొదలుపెట్టింది 1978లో, జిమ్ ఫిక్స్ రాసిన పరుగు పుస్తకం చదివి. ఎర్ర అట్ట, దాని మీద పరుగెత్తే కాళ్ళు. ఇప్పటికీ ఆ పుస్తకం వాళ్ళింటి అరలో ఉంది. 1984లో ఆ ఫిక్స్ మహాశయుడే పరుగెడుతూ గుండె ఆగి చనిపోయాడు, 52 ఏళ్ళకే. వార్త వినగానే ఆంటీ వాళ్ళమ్మ ఫోన్ చేసి, "చూశావా? ఇక చాలించు" అందట. ఆవిడ చాలించలేదు.

పందెం ఇంకా పది రోజులుందనగా మంచు తుఫాను వచ్చింది. 2014 నవంబరు నాటి ఆ తుఫాను గురించి బఫెలోవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. సరస్సు మీదుగా వచ్చిన చల్లగాలి ఆవిరి పట్టుకొచ్చి ఊరి దక్షిణాన కుమ్మరించింది, కొన్ని చోట్ల ఐదడుగుల పైనే. మేమున్న ఉత్తరాన మాత్రం కొన్ని అంగుళాలే. ఆకాశంలో ఒక వైపు తెల్లటి మేఘపు గోడ, ఇటువైపు ఎండ. బఫెలో బిల్స్ ఫుట్‌బాల్ జట్టు సొంత ఊళ్ళో ఆడాల్సిన ఆటను డెట్రాయిట్‌కు మార్చారు. బడి మూసేశారు. ఆంటీకి బెంగ పట్టుకుంది టర్కీ గురించి. నాకోసం హలాల్ టర్కీ కావాలని దక్షిణాన ఉన్న లాకవానాలో చెప్పిపెట్టింది. ఒకప్పుడు ఉక్కు ఫ్యాక్టరీలో పనికోసం యెమెన్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి, వాళ్ళ దుకాణాలూ ఉన్నాయి. అదృష్టం, అంకుల్ తుఫానుకు ముందే వెళ్ళి తెచ్చేశాడు. పేపరు చదవడం కాక ఆయన చేసిన పెద్ద పని అదే.

పరుగు మాత్రం ఆగలేదు. ఆ పరుగు ఆగదు.

పద్నాలుగు వేల మంది. ఆ ఏడాది అంతకన్నా ఎక్కువ మందికి ఛాతీ నంబరు ఇవ్వలేదు. టర్కీ కోళ్ళ వేషాలు, గొడుగు టోపీలు, పెళ్ళికూతురి గౌను వేసుకున్న గడ్డపాయన. నేను తలకు స్కార్ఫు కట్టుకుని, నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటుతో వచ్చాను. ఇలా అయితే వింతగా చూస్తారేమోనని మా అమ్మీ హైదరాబాద్‌లో దిగులుపడింది. ఆ చలికి అందరూ నిండా కప్పుకునే వచ్చారు. ముక్కులు తప్ప ఎవరిదీ ఏమీ కనిపించలేదు.

దారి డెలావేర్ అవెన్యూ వెంట తిన్నగా ఊరి నడిబొడ్డుకు. మధ్యలో ఫారెస్ట్ లాన్ శ్మశానవాటిక పక్కన రోడ్డు మెలికలు తిరుగుతుంది. అక్కడ సెనెకా జాతి నాయకుడు రెడ్ జాకెట్ స్మారకం ఉంది. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు సెనెకాలదే. 1896 పరుగును మొదటిదని చెప్పుకునేటప్పుడు నాకు గుర్తొచ్చేది బఫెలో దగ్గరి కాటరాగస్ రిజర్వేషన్‌లో పుట్టిన లూయిస్ బెన్నెట్ అనే సెనెకా. డీర్‌ఫుట్ అంటే లోకానికి తెలుస్తుంది. 1861లో ఇంగ్లండ్ వెళ్ళి అక్కడి మేటి పరుగువీరులను ఓడించాడు. 1863లో ఒక్క గంటలో పదకొండున్నర మైళ్ళకు పైగా పరుగెత్తి రికార్డు పెట్టాడు. వైఎంసీఏవాళ్ళు ఆరుగురిని నిలబెట్టడానికి ముప్పై మూడేళ్ళ ముందు సంగతి ఇది. ఆ నేలమీద పరుగు పుట్టింది వాళ్ళతో కాదు. కాగితం మీద రాసిపెట్టుకోవడం పుట్టింది వాళ్ళతో.

వైఎంసీఏ కథ మన దాకా కూడా వచ్చింది. బాస్కెట్‌బాల్, వాలీబాల్ రెండూ వాళ్ళ వ్యాయామశాలల్లో పుట్టినవే, 1891లో ఒకటి, 1895లో ఇంకొకటి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వాళ్ళ కాలేజీలో చదివిన హెచ్.సి. బక్ మద్రాసు వచ్చి 1920లో వ్యాయామ విద్యా కాలేజీ పెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టు వెంట వెళ్ళిందీ ఆయనే. తెలుగు జిల్లాల బళ్ళలో పాతతరం డ్రిల్ మాస్టార్లలో ఎందరో ఆ మద్రాసు కాలేజీలో తయారైనవాళ్ళే. ఈల, ఖాకీ నిక్కరు, ఎండలో వరస. కర్నూలు దగ్గర మా నాన్న చదివిన బడిలో డ్రిల్ మాస్టారు మగపిల్లలను మైదానం చుట్టూ పరుగెత్తిస్తుంటే, మా మేనత్తలు మైదానం గట్టున కూర్చుని చెప్పులు కాపలా కాసేవాళ్ళట. ఆంటీకి ఈ సంగతి చెబితే, "గడియారం కూడా ఇవ్వలేదా?" అంది.

శ్మశానం మెలిక దాటాక, పెద్ద పెద్ద పాత భవనాల మధ్య, నా ఎక్కం తెగిపోయింది. నడుద్దామా అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి స్తంభం వెతికింది. "ఆ తెల్లటి ఇల్లు దాకా" అంది. ఆ తెల్లటి స్తంభాల ఇల్లు విల్‌కాక్స్‌లది. 1901లో బఫెలో ఎగ్జిబిషన్‌లో అధ్యక్షుడు మెకిన్లీని ఒకడు కాల్చితే, ఆయన చనిపోయాక థియొడోర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది ఆ ఇంట్లోనే. నాకు ఆ ఇంటి మీద వేరే గౌరవం ఉంది. దాని ముందు నడక మొదలుపెట్టి, దాటాక మళ్ళీ పరుగందుకున్నాను. గీత దాటేసరికి గంట దాటిపోయింది. హెన్రీ ఆలిసన్ అప్పటికి రెండుసార్లు పరుగెత్తి ఉండేవాడు. తన మామూలు వేగంలో వెళ్తే ఆంటీకి ఎంతో ముందే అయిపోయేది. నా పక్కనే ఉండిపోయింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇక్కడా 2011 నుంచి పెద్ద మారథాన్ జరుగుతోంది. ఆదివారం వస్తే ఏదో ఒక మూల ఐదు కిలోమీటర్ల పరుగు ఉంటోంది. కొన్నింటిలో నేనూ పాల్గొన్నాను. ఒక దాంట్లో, చివర వస్తున్న ఆడవాళ్ళు ఇంకా రోడ్డు మీద ఉండగానే, నిర్వాహకులు ముగింపు కమాను విప్పేసి టెంపోలో ఎక్కిస్తున్నారు. నీళ్ళ బల్ల అప్పటికే ఎత్తేశారు. వాళ్ళలో ఒకావిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని, స్పోర్ట్స్ షూస్ వేసుకుని వస్తోంది. ఫుట్‌పాత్ మీద ఎక్కడ ఆగాలో తెలియక కూతురు నిలబడ్డ చోట ఆగింది. ఆపమని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఏ రూలూ అడ్డుపడలేదు. గీతే లేకుండా పోయింది.

మన ఊళ్ళలో పరుగులు పెట్టేవాళ్ళకు నా మనవి ఒకటే. ఆఖరి మనిషి వచ్చేదాకా కమాను విప్పకండి, గడియారం ఆపకండి, నీళ్ళు ఎత్తకండి. మా అమ్మీకి యాభై ఎనిమిదేళ్ళు. మలక్‌పేట రేస్‌కోర్సు గోడ వెంట స్తంభం లెక్కన సాధన చేయిస్తున్నాను, ఇప్పటికి పదమూడో ఎక్కంలో ఉంది. ఈసారి ఇద్దరం పేర్లు రాయించుకుంటున్నాం.